యాక్సిడెంట్ రికార్డున్న హెవీ డ్రైవరుకు తిరుపతి చుట్టుపక్కల పని ఇప్పించేదెవరు? ఏజెంట్లు, కాంట్రాక్టర్లు, యాప్‌లు, లారీ ఆఫీసులపై రివ్యూ

రేణిగుంట నుంచి శ్రీసిటీ దాకా, ఇటు చిత్తూరు నుంచి పలమనేరు దాకా, "హెవీ డ్రైవర్లు కావలెను" అన్న బోర్డులకు ఏనాడూ కొదవ లేదు. బండ్లున్నాయి, లోడున్నది, నడిపే మనిషే దొరకడం లేదని ఓనర్లంతా మొత్తుకుంటారు. అయినా గత రెండు మూడేళ్లలో రెండు చోట్ల బండి తగిలించిన డ్రైవరు ఫోన్ చేస్తే "చూసి చెప్తాం" అంటారు, తర్వాత ఫోనెత్తరు. అలాంటి డ్రైవరుకు పని ఇప్పిస్తామని చెప్పే దారులు ఇక్కడ నాలుగైదున్నాయి. వాటిలో దేనికి వెళ్లొచ్చు, దేనికి వెళ్లకూడదు అన్నదే ఈ రివ్యూ. ఏ దారినైనా మూడు ప్రశ్నలతో తూచాం. ముందే డబ్బులు అడుగుతారా? ఓనరుకు నిజం చెప్పి పంపుతారా, దాచి పంపుతారా? దొరికిన పని నెల దాటి నిలుస్తుందా?

మూడో ప్రశ్నే అసలుది. రికార్డున్నవాడికి పని దొరకడం పెద్ద కష్టం కాదు. దొరికిన వారానికే పోవడం దగ్గర కథ మొదలవుతుంది.

ముందుగా ఓనర్ల లెక్క అర్థం కావాలి. పోలీసు లెక్కలో కేసు లేకపోతే యాక్సిడెంటే లేదు. ఓనరు లెక్క అది కాదు. "డ్రైవరు చూసుకుని ఉంటే తప్పిపోయేదా?" అని ఒక్కటే అడుగుతాడు. రివర్సులో గోడౌను గోడకు కొట్టడం, ముందు బండికి వెనకనుంచి తగిలించడం, మలుపులో పక్కబండిని గీకడం, రైల్వే అండర్‌బ్రిడ్జి గేజికి పైలోడు తగిలించడం, రోడ్డు దిగి బోల్తా పడటం. వీటిలో ఎదుటివాడి తప్పు కొంత ఉన్నా, ఓనరు పుస్తకంలో ఇవన్నీ డ్రైవరు ఖాతాలోకే పోతాయి.

చిన్న దెబ్బలకు కూడా ఓనరు అంతగా ఎందుకు భయపడతాడంటే ఇన్సూరెన్సు వల్ల. గూడ్స్ బండి పాలసీలో బంపరు, హెడ్‌లైట్లు, మడ్‌గార్డులు, బానెట్ పక్క భాగాలు, టైర్లు, ఆ దెబ్బ తగిలినచోట పెయింటు, ఇవన్నీ మామూలుగా కవరు కావు. పాలసీకి జోడించే ఐఎంటీ-23 అనే ఎండార్స్‌మెంటుకు అదనపు ప్రీమియం కట్టి ఉంటేనే వస్తాయి. రివర్సులో పోయేవీ, గీకుడులో పోయేవీ సరిగ్గా ఇవే. ఒకవేళ క్లెయిమ్ వేసినా నో క్లెయిమ్ బోనస్ పోతుంది. అది మొదటి ఏడు 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరిగే తగ్గింపు. ఒక పెద్ద క్లెయిమ్ కంటే ఏడాదిలో నాలుగు చిన్న దెబ్బలే ఓనరు జేబుకు ఎక్కువ చిల్లు పెడతాయి. అందుకే "పెద్దదేం కాదు సార్, బంపరు పోయిందంతే" అంటే ఆయనకు ఊరట కలగదు, ఉలికిపాటే.

రెండోది, ఎదుటివాడికి మీ గురించి ఏం తెలుస్తుంది అన్నది. అమెరికాలో కొత్త కంపెనీవాళ్లు డ్రైవరు అనుమతితో ఒకే రిపోర్టులో ఐదేళ్ల యాక్సిడెంట్లు, మూడేళ్ల తనిఖీలు చూసుకోగలరు. మనకు అలాంటి ఒకే కాగితం లేదు కదా అని ధీమాగా ఉండేవాళ్లు చాలామంది. ముక్కలుగా అన్నీ దొరుకుతాయి. ప్రభుత్వం లైసెన్సుల కోసం నడిపే సారథి పోర్టల్‌లో లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ కొడితే లైసెన్సు నడుస్తోందా, సస్పెన్షన్‌లో ఉందా తెలిసిపోతుంది. ఈ-చలాన్ సైట్‌లో చలాన్లు ఉంటాయి. ఈ-కోర్ట్స్ యాప్‌లో పేరుతో వెతికితే కేసు కనపడుతుంది. పెద్ద కాంట్రాక్టరు దగ్గరైతే పీఎఫ్ పాస్‌బుక్కులో పాత కంపెనీల పేర్లన్నీ వరసగా ఉంటాయి. యాక్సిడెంటు చేసిన కంపెనీని బయోడేటాలోంచి తీసేసినా అక్కడ బయటపడుతుంది. వీటన్నిటికంటే గట్టిది పాత ఓనరుకు చేసే ఒక్క ఫోను. లారీ ఓనర్లందరికీ ఒకరి నంబరు ఒకరి దగ్గర ఉంటుంది.

కాబట్టి ఏ ఆఫీసు గడప తొక్కేముందైనా ఈ నాలుగూ మీరే చూసుకోండి. కట్టని చలాన్లుంటే కట్టేయండి. కేసుంటే దాని 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు, ఏ కోర్టు, తర్వాతి వాయిదా ఎప్పుడు అన్నది రాసి పెట్టుకోండి. ప్రాణం పోయిన యాక్సిడెంటైతే, 2024 జులై 1కి ముందు జరిగినది పాత ఐపీసీ 304ఏ కింద, ఆ తర్వాతది కొత్త చట్టం బీఎన్ఎస్ 106(1) కింద ఉంటుంది. మొదటిదానికి గరిష్ఠ శిక్ష రెండేళ్లు, రెండోదానికి ఐదేళ్లు. ఇందులో ఏది తనమీద ఉందో చెప్పలేని డ్రైవరును చూస్తే హెచ్ఆర్ వాళ్లకు అనుమానం రెట్టింపవుతుంది. చెప్పులరిగేలా తిరుగుతారు గానీ ఎఫ్ఐఆర్ కాపీ మాత్రం చేతిలో ఉండదు. ఇది అందరిలోనూ కనిపించే జబ్బు.

ఇక ఒక్కో దారి సంగతి.

కమిషన్ ఏజెంట్లు

బస్టాండు దగ్గరా, ఆటోనగర్ వైపూ చిన్న గదుల్లో కూర్చుని లైసెన్సు, ఆధార్ ఫొటో తీసుకుని "రేపే బండెక్కిస్తా" అనేవాళ్లు. వీళ్లకు మా మార్కులు తక్కువ, కారణం వాళ్ల వ్యాపారం నడిచే తీరే. డ్రైవరు ఓనరు బండెక్కగానే ఏజెంటు పని అయిపోతుంది. ఆ డ్రైవరు మళ్లీ దిగిపోతే ఇంకో కమిషను. నిలబెట్టడంలో అతనికి లాభమే లేదు. అందుకే "యాక్సిడెంట్ ఊసెత్తొద్దన్నా, అడిగితే లేదను" అని నేర్పి పంపుతారు. వారంలోపు ఓనరు పాత ఓనరుకు ఫోన్ చేస్తాడు. బండి అప్పటికి ఏ హుబ్లీలోనో విజయవాడలోనో ఉంటుంది. ఇంకో డ్రైవరును పంపి, మిమ్మల్ని అక్కడే దించేస్తారు. బత్తా లెక్క తేలదు, రిజిస్ట్రేషన్ పేరుతో ఏజెంటుకు కట్టింది తిరిగి రాదు. పైగా యాక్సిడెంట్ రికార్డుకు "అబద్ధం చెప్పాడు" అన్నది తోడవుతుంది. మొదటిదాన్ని క్షమించే ఓనరు దొరుకుతాడు. రెండోదాన్ని క్షమించేవాడు మాత్రం కనపడడు.

వీళ్లలో కొందరు ఇంకో సరుకు అమ్ముతారు: "పక్క రాష్ట్రంలో కొత్త లైసెన్సు తీయిస్తా, పాతది ఎవరికీ తెలీదు." దూరంగా ఉండండి. ఒక మనిషికి ఒకటే లైసెన్సు ఉండాలన్నది మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. సారథి డేటా దేశమంతటికీ ఒకటే. లైసెన్సు సస్పెన్షన్‌లో ఉండగా బండి నడిపితే మూడు నెలల జైలు గానీ, 10,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ. అంతకంటే పెద్ద నష్టం ఇన్సూరెన్సు వైపుది. సరైన లైసెన్సు లేకుండా యాక్సిడెంటైతే, కంపెనీ బాధితులకు కట్టినా ఆ డబ్బును ఓనరు నుంచి రాబట్టుకుంటుంది. ఆ ఓనరు మిమ్మల్ని వదులుతాడా?

మంచి ఏజెంటు లేడని కాదు. అతన్ని గుర్తుపట్టే లక్షణం ఒకటే. లైసెన్సు అడగకముందే "ఎక్కడెక్కడ తగిలించావు, ఎప్పుడు?" అని అడుగుతాడు. డబ్బు మొదటి జీతం వచ్చాక ఇవ్వమంటాడు. ఒరిజినల్ లైసెన్సు తన దగ్గర పెట్టుకోడు. ఈ మూడూ ఉంటే కూర్చోండి, లేదంటే టీ తాగి లేచి రండి.

శ్రీసిటీ వైపు కాంట్రాక్టర్లు

ఫ్యాక్టరీలకు కంటైనర్లు, ట్రైలర్లు నడిపే కాంట్రాక్టర్ల పద్ధతి వేరు. పోలీసు వెరిఫికేషను, కంటి పరీక్షతో కూడిన మెడికల్, యార్డులో ట్రయలు, గేట్‌పాసు, సేఫ్టీ బూట్లు, హెల్మెట్, మెరిసే జాకెట్టు. డబ్బులు అడగరు, అడిగితే అది కాంట్రాక్టరు కాదు, మధ్యవాడు. పీఎఫ్, ఈఎస్ఐ ఉంటాయి.

రికార్డున్నవాడికి ఇక్కడ తలుపు సగమే తెరుచుకుంటుంది. రోడ్డు మీద లైన్ బండి నేరుగా ఇవ్వరు. ఎందుకంటే ఫ్యాక్టరీవాళ్లు కాంట్రాక్టరుతో లెక్క చూసుకునేది యాక్సిడెంట్ల సంఖ్య మీదే. సరుకు ఎక్కించే గట్టును (డాక్) ఒక్కసారి గుద్దితే డ్రైవరొక్కడే కాదు, ఆ ట్రాన్స్‌పోర్టరు బండ్లన్నీ గేటు దగ్గర ఆగే రోజులుంటాయి. అయితే అడిగితే దొరికే పనులు రెండున్నాయి. ఒకటి, యార్డు లోపల ట్రైలర్లు జరిపే పని. వేగం ఉండదు, హైవే ఉండదు, రాత్రి నిద్ర లేమి తక్కువ. వెనకనుంచి తగిలించిన రికార్డున్నవాడికి ఇది బంగారం లాంటి అవకాశం. రివర్సులో కొట్టిన రికార్డున్నవాడికి మాత్రం పెనంలోంచి పొయ్యిలోకే. రోజంతా రివర్సే అక్కడ. రెండోది, దూరపు కంటైనరులో రెండో డ్రైవరు. సీనియరు పక్కన ఆరు నెలలు నడిపితే కాంట్రాక్టరు రిజిస్టరులో మీ పేరు ఎదురుగా కొత్త చరిత్ర మొదలవుతుంది. జీతం తక్కువని దీన్ని వదులుకునేవాళ్లు ఎక్కువ. మా అభిప్రాయంలో అది తప్పు లెక్క.

యాప్‌లు, వాట్సాప్ గ్రూపులు

ఫోన్లో ఉద్యోగాలు చూపించే యాప్‌లలో అనుభవం ఎన్నేళ్లు, లైసెన్సు ఏ తరగతి అని అడుగుతారు. యాక్సిడెంటు గురించి అడిగే గడి చాలావాటిలో ఉండదు. దాంతో పిలుపులు బాగా వస్తాయి, ఇంటర్వ్యూలో ఆగిపోతాయి. కేంద్ర ప్రభుత్వ నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో నమోదు ఉచితం, అందుకని చేసి పెట్టుకోండి. అదొక్కదాన్నే నమ్ముకుని కూర్చోవద్దు.

వాట్సాప్ గ్రూపుల్లో "అర్జెంట్, 14 టైర్లు, రేపు ఉదయం లోడు" అని పెడతారు. వాటిలో నిజమైనవీ ఉంటాయి, మోసాలూ ఉంటాయి. మెడికల్ డబ్బు, యూనిఫాం డబ్బు, గేట్‌పాస్ డబ్బు అని ముందే పంపమంటే అక్కడితో ఆపేయండి. ఆధార్ అడిగితే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనపడే మాస్క్‌డ్ ఆధార్ పంపండి. లైసెన్సు ఫొటో మీద ఎవరికి, ఏ తేదీన పంపుతున్నదీ అడ్డంగా రాసి పంపడం మంచి అలవాటు. గల్ఫ్‌లో హెవీ డ్రైవరు పని అని వచ్చే మెసేజీలకైతే ఇంకో జల్లెడ ఉంది. ఏజెంటు విదేశీ ఉద్యోగాల ప్రభుత్వ పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో రిజిస్టరై ఉండాలి. అతను తీసుకోదగ్గ సర్వీసు ఫీజు గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ.

లారీ ఆఫీసులు, రెండు మూడు బండ్ల ఓనర్లు

రికార్డున్నవాడికి మేము ముందుగా చెప్పేది ఇదే. ఐదు బండ్లలోపు ఉన్న ఓనరు దగ్గర నిర్ణయం ఆయనదే. హెడ్డాఫీసు రూలు అడ్డురాదు, నచ్చితే పక్కన కూర్చుని స్వయంగా ట్రయలు చూస్తాడు. ఆయన్ను పట్టుకోవడం ఎలా అంటే ఆఫీసు బోర్డు చూసి కాదు, ఆటోనగర్‌లో టైర్ల షాపు, స్ప్రింగు పట్టీల షాపు, బాడీ బిల్డరు, వీళ్లను అడగండి. ఎవరి బండి డ్రైవరు లేక నిలబడి ఉందో మొదట తెలిసేది వాళ్లకే. వెళ్లడానికి లోడింగు హడావిడి తీరాక, మధ్యాహ్నం పూట మేలు. పొద్దున్నే వెళ్తే ఆయన చూపు మీ మొహం మీద ఉండదు, లోడు స్లిప్పు మీద ఉంటుంది.

లోటు కూడా ఉంది. పీఎఫ్ ఉండదు, జీతం కాగితం ఉండదు, బండి కాగితాలు కొన్నిసార్లు గడువు దాటి ఉంటాయి. దాని సంగతి కింద చెప్తాం.

ఏ లోడు ఎవరికి అన్నది ఇక్కడ ముఖ్యం, దీన్ని ఏ ఏజెంటూ చెప్పడు. వెనకనుంచి తగిలించిన యాక్సిడెంట్లు చాలావరకు తెల్లవారుజామున నిద్ర వల్లనో, ముందు బండిని అంటిపెట్టుకుని పోవడం వల్లనో జరుగుతాయి. అలాంటి రికార్డున్నవాడు మదనపల్లె టమాటా లోడుకు పోకూడదు. పొద్దుటి మార్కెట్టు అందుకోవాలి కాబట్టి రాత్రంతా పరుగే. అదే మనిషి మామిడి సీజనులో తోటలనుంచి గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి తోలితే దూరం తక్కువ, పగటి పని ఎక్కువ. ఫ్యాక్టరీ ముందు క్యూలో గంటలు పోతాయి గానీ అవి రికార్డుకు హాని చేయని గంటలు. సీజనులో డ్రైవర్ల కరువు వల్ల అడిగేవాళ్లూ తక్కువ ప్రశ్నలు అడుగుతారు.

బోల్తా రికార్డున్నవాడు పాల ట్యాంకరు వైపు చూడొద్దు. సగం నిండిన ట్యాంకులో ద్రవం మలుపులో ఒకవైపుకు పోటెత్తి బండిని నెడుతుంది. ఇనుము, సిమెంటు లాంటి కిందికి కూర్చునే లోడు మేలు. భాకరాపేట ఘాట్, మొగిలి ఘాట్ లాంటి చోట్ల ఖాళీ బండితోనైనా మళ్లీ నాలుగుసార్లు పోయి వచ్చాకే లోడుతో పోవడం మంచిదని మా సలహా. పెట్రోలు, గ్యాసు ట్యాంకర్లకు ప్రమాదకర సరుకుల ఎండార్స్‌మెంటు, దానికి మూడు రోజుల శిక్షణ కావాలి. అలాంటి లైసెన్సు గడువు మూడేళ్లే, మామూలు ట్రాన్స్‌పోర్టు లైసెన్సుకు ఐదేళ్లు. తాజా యాక్సిడెంటుతో అటు పోవడం వృథా. స్కూలు బస్సూ అంతే. సుప్రీంకోర్టు మార్గదర్శకాల ప్రకారం ఐదేళ్ల హెవీ అనుభవం ఉండాలి. ఓవర్‌స్పీడు, తాగి నడపడం, ప్రమాదకర డ్రైవింగు, వీటిలో ఒక్క చలాను ఉన్నా అర్హత లేదు.

గ్రానైట్, ఇసుక టిప్పర్లు

అన్నిటికంటే సులువుగా తెరుచుకునే తలుపు ఇది, అందుకే ముందు జాగ్రత్త చెప్పాలి. ఓవర్‌లోడుతో నడిపే చోట యాక్సిడెంట్ గురించి ఎవరూ అడగరు. సాయంత్రానికే తాళం ఇస్తారు. ఎందుకు అడగరో ఆలోచించండి. ఓవర్‌లోడుకు 20,000 రూపాయల జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. అది ఓనరు కట్టుకుంటాడనే అనుకుందాం. సుప్రీంకోర్టు రోడ్డు భద్రతా కమిటీ 2015లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఓవర్‌లోడు, ఓవర్‌స్పీడు, సెల్‌ఫోన్, గూడ్స్ బండిలో మనుషులను ఎక్కించడం, వీటికి లైసెన్సును కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయాలి. ఆ మూడు నెలలు పోయేది డ్రైవరువే. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత సస్పెండైన లైసెన్సు తిరిగి రావాలంటే రిఫ్రెషర్ శిక్షణ కూడా చేయాలి. పాత రికార్డు మీద సస్పెన్షను పడితే తర్వాత పైన చెప్పిన ఏ తలుపూ తెరుచుకోదు. గొలుసు సరిగా బిగించని గ్రానైటు దిమ్మె బ్రేకు వేసినప్పుడు క్యాబిను మీదికే వస్తుంది, అది వేరే లెక్క. తూకానికి సరిగ్గా నడిపే క్వారీలూ ఉన్నాయి. ఆర్‌సీలో మొత్తం బరువు లోంచి ఖాళీ బరువు తీసేస్తే వచ్చేది మీ లోడు. కాటా స్లిప్పు దానికి మించి ఉంటే మొదటి రోజే దిగిపోండి.

శిక్షణ సర్టిఫికెట్లు

రిఫ్రెషర్ సర్టిఫికెట్టు పెట్టుకుంటే ఓనరు నమ్ముతాడా అంటే, ఎక్కడిది అన్నదాన్ని బట్టి. బండి ఎక్కకుండా సంతకం పెట్టించుకుని ఇచ్చేవి ఉన్నాయి. "ఏ బండి మీద నేర్పారు, ట్రాక్ ఎక్కడ?" అన్న ఒక్క ప్రశ్నకు అవి తేలిపోతాయి. నామక్కల్‌లో అశోక్ లేలాండ్ డ్రైవర్ల శిక్షణ సంస్థ ఉంది. చిత్తూరు జిల్లా ఓనర్లకు తమిళనాడు లారీ వ్యాపారంతో సంబంధం ఎక్కువ కాబట్టి నామక్కల్ పేరుకు ఇక్కడ విలువ ఉంది. చెప్పుకోవడానికి పనికొచ్చేది అలాంటి చోట చేసిన శిక్షణే.

ఓనరు ముందు కూర్చున్నప్పుడు

ఇక్కడ కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఏ దారిలో పోయినా చివరికి చేరేది ఇక్కడికే.

ఒక తెల్లకాగితం మీద ఒక్కో యాక్సిడెంటుకు నాలుగైదు లైన్లు రాసుకోండి. తేదీ, సమయం, చోటు, ఏ బండి, ఏ లోడు, ఏం జరిగింది, ఎంత ఖర్చయింది, ఇన్సూరెన్సు వచ్చిందా, కేసు ఉందా, ఎక్కడిదాకా వచ్చింది, ఆ తర్వాత ఎన్ని నెలలు, ఎంత దూరం దెబ్బ లేకుండా నడిపారు. ఆఖరున ఒక లైను: నా తప్పు ఏంటి, ఇప్పుడు దానికి ఏం చేస్తున్నాను. కూర్చున్న రెండు నిమిషాల్లోపు ఆ కాగితం బల్లమీద పెట్టండి. ఆయన అడిగాక చెప్తే ఒప్పుకున్నట్టుంటుంది. అడక్కముందే పెడితే చెప్పినట్టుంటుంది.

మాట ఎలా ఉండాలంటే: "సార్, రెండున్నాయి. మొదటిది నాయుడుపేట దగ్గర తెల్లారగట్ల నాలుగున్నరకు ముందు బండికి తగిలించినాను. నిద్ర రాలేదు గానీ దగ్గరగా పోతున్నా. ఇప్పుడు ముందు బండి ఒక స్తంభం దాటినాక మూడు లెక్కపెట్టేదాకా నేను ఆ స్తంభం దాటను. రెండు గంటలకు ఒకసారి ఆపుతా, మీకు లేటవుతుందంటే ముందే చెప్పండి." ఇందులో ఓనరుకు నచ్చేది చివరి మాట. 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది, మూడు సెకన్లంటే 50 మీటర్లు. ఈ లెక్క తెలిసిన డ్రైవరును ఆయన రోజూ చూడడు.

వద్దనే మాటలు కూడా ఉన్నాయి. "అది వాడి తప్పే సార్" అని పదిసార్లు అనొద్దు, నిజమైనా సరే. "బ్రేకు ఫెయిలైంది" అనేముందు ఆలోచించండి. అయితే ఎయిర్ ట్యాంకు నీళ్లు రోజూ వదిలేవా, ప్రెషరు మీటరు చూసేవా అని వెంటనే అడుగుతాడు. యాక్సిడెంటయ్యాక ఏం చేశారన్నది కూడా చెప్పండి. గాయపడ్డవారికి వైద్యం అందేలా చూడటం, 24 గంటల్లోపు పోలీసులకు చెప్పడం చట్టప్రకారం డ్రైవరు బాధ్యత. జనం కొడతారన్న భయంతో దూరం జరగడాన్ని చట్టం అర్థం చేసుకుంటుంది. అక్కడినుంచి దగ్గర్లోని స్టేషనుకు పోయారా, ఊరికి పోయారా అన్నదే ఓనరు చూస్తాడు.

ట్రయల్లో గేరు మార్చడం అందరికీ వచ్చు, దాన్ని చూసి ఎవరూ నిర్ణయించరు. తాళం ఇచ్చాక నేరుగా సీటెక్కారా, బండి చుట్టూ తిరిగారా అన్నది చూస్తారు. టైర్లు చేత్తో తట్టి, లోపలి టైరు మధ్య రాయి ఇరుక్కుందేమో వంగి చూసి, లైట్లు, అద్దాలు తుడిచి, పట్టా తాళ్లు లాగి, కింద ఆయిలు కారిందా చూసి, అప్పుడు ఎక్కండి. రివర్సు పెట్టమంటే వెంటనే పెట్టొద్దు. హజార్డు లైట్లు వేసి దిగండి. వెనక గోడ ఎంత దూరం, పైన కరెంటు తీగ ఉందా, కింద గుంత ఉందా చూసి, క్లీనరును డ్రైవరు వైపు అద్దంలో కనపడేలా నిలబెట్టండి. అతను అద్దంలోంచి మాయమైతే అక్కడికక్కడే బ్రేకు. రివర్సు రికార్డున్నవాడు ట్రయల్లో ఇలా దిగి చూస్తే, కాగితం మీద రాసింది ఓనరు కళ్లారా చూసినట్టే. ఘాట్‌లో దింపమంటే ఎక్కిన గేరులోనో అంతకంటే ఒకటి తక్కువలోనో, ఎగ్జాస్ట్ బ్రేకు వేసుకుని దిగండి. పాదం బ్రేకు మీదే ఉంచి దిగేవాడిని చూస్తే బ్రేకు లైనర్ల ఖర్చే ఓనరు కళ్లముందు ఆడుతుంది.

బండెక్కేముందు

చిన్న ఓనరు దగ్గర ఒప్పుకునేముందు ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో బండి నంబరు కొట్టి ఇన్సూరెన్సు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు), పర్మిటు, పొల్యూషను గడువులు చూడండి. ఇన్సూరెన్సు లేని బండితో యాక్సిడెంటైతే ట్రిబ్యునల్లో నష్టపరిహారం ఓనరు మీదా డ్రైవరు మీదా కలిపి పడొచ్చు. అసలే రికార్డున్నవాడికి ఆ బరువు అక్కర్లేదు. ఒరిజినల్ లైసెన్సు ఎవరికీ ఇవ్వొద్దు. డిజిలాకర్‌లోదీ, ఎంపరివాహన్‌లోదీ రోడ్డు మీద చెల్లుతుంది, ఓనరుకు జిరాక్సు చాలు. పెద్ద అడ్వాన్సు తీసుకోవద్దు. అది తీరేదాకా బాగాలేని బండినీ, ఓవర్‌లోడునూ కాదనే నోరుండదు. డ్యామేజీ అయితే జీతంలో ఎంత పట్టుకుంటారన్నది మొదటి రోజే అడిగి వాట్సాప్‌లో రాయించుకోండి. "అప్పుడు చూద్దాంలే" అంటే మొత్తం పట్టుకుంటామని అర్థం.

ఆరు నెలలు దెబ్బ లేకుండా గడిచాక ఓనరు లెటర్‌హెడ్డు మీద ఒక లేఖ అడగండి. లెటర్‌హెడ్డు లేకపోతే స్టాంపు వేసిన తెల్లకాగితమైనా సరే. అందులో బండి నంబరు, టైర్ల సంఖ్య, ఏ రూట్లు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఆ కాలంలో యాక్సిడెంట్లు, డ్యామేజీలు ఏమీ లేవన్న మాట ఉండాలి. "మంచివాడు, కష్టపడతాడు" అన్న పొగడ్త అక్కర్లేదు. కింద సంతకంతోపాటు ఫోన్ నంబరు ఓనరుదే రాయించండి, గుమాస్తాది కాదు. గుమాస్తాలు మారిపోతారు, పైగా తర్వాతి ఓనరు ఫోన్ చేసేది ఓనరుకే.